పాత కారు ఇచ్చేశాను, కొత్తది శుక్రవారం వస్తోంది, ఎన్‌సీబీ లెటర్ మాత్రం ఇవ్వట్లేదు

నల్లకుంట_నాని | సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్తే. 2017లో కొన్న హ్యాచ్‌బ్యాక్‌ని షోరూంలో ఎక్స్చేంజ్‌కి ఇచ్చేసి కొత్త కారు బుక్ చేశాను. పాత బండి మొన్న శనివారం వాళ్లకి అప్పజెప్పాను. కొత్తదానికి శుక్రవారం ఉదయం 10:15కి ముహూర్తం. పాత పాలసీ మీద 50 శాతం నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ, అంటే క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఉంది. ఇన్నేళ్లలో ఒక్క క్లెయిమ్ కూడా పెట్టలేదు.

ఆ బోనస్‌ని కొత్త కారుకి మార్చమని ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెడితే పెద్ద జాబితా పంపారు. పాత కారు ఆర్‌సీ కొన్నవాళ్ల పేరు మీదికి మారిన కాపీ, ఫారం 29, ఫారం 30 (అమ్మకం గురించి, పేరు మార్పు కోసం ఆర్‌టీఏకి ఇచ్చేవి), అమ్మకం కాగితం, ఒరిజినల్ పాలసీ, కేవైసీ, క్యాన్సిల్డ్ చెక్. అన్నీ అందాక 7 పని దినాల్లో లెటర్ ఇస్తారట.

ఆర్‌సీ మారాలంటే ముందు ఆ కారుని ఎవరో ఒకరు కొనాలి కదా. షోరూం వాళ్లని అడిగితే రెండు మూడు నెలలు పట్టొచ్చన్నారు. లెటర్ లేకపోతే ఫుల్ ప్రీమియం కట్టాల్సిందేనంటున్నారు. ఓన్ డ్యామేజ్ (మన కారుకే జరిగే నష్టానికి కవర్) కింద 24,000 చూపించారు. అందులో సగం 12,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 2,160. మొత్తం 14,160 రూపాయలు. నాకు అది చిన్న మొత్తం కాదు. శుక్రవారం లోపు ఏమైనా దారి ఉందా? రెండు రోజుల నుంచి ఇదే టెన్షన్.

హైవే_రాజు | సోమవారం, రాత్రి 10:05

బ్రో, ఆన్‌లైన్‌లో కొత్త పాలసీ తీసుకునేటప్పుడు 50 శాతం అని టిక్ పెట్టేయ్. లెటర్ ఎవరూ అడగరు. నేను అలాగే చేశా, రెండేళ్లయింది, ఏం కాలేదు.

గుంటూరు_శీను | సోమవారం, రాత్రి 10:31

రాజు గారూ, దయచేసి ఎవరికీ ఈ సలహా ఇవ్వకండి. మా బావ విషయంలో ఏం జరిగిందో చెప్తాను.

ఆయన బంపర్ పగిలితే పాత కంపెనీలో 9,000 క్లెయిమ్ తీసుకున్నాడు. అంటే ఆ ఏడాదితో బోనస్ సున్నా. రెన్యువల్ టైంలో ఏజెంట్ వేరే కంపెనీలో పాలసీ చేయించి, బోనస్ గడిలో 45 శాతం అని తనే నింపేశాడు. బావ చూసుకోలేదు. నాలుగు నెలలకి చిలకలూరిపేట దాటాక లారీ వెనక నుంచి గుద్దింది. రిపేరు అంచనా 2 లక్షల 80 వేలు. కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగింది, పాత క్లెయిమ్ బయటపడింది, ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ మొత్తం కొట్టేశారు. మూడు వేలో నాలుగు వేలో మిగిలిందనుకుంటే దాదాపు మూడు లక్షలు చేతి నుంచి పోయాయి. కాగితం మీద సంతకం ఆయనదే కాబట్టి ఏజెంట్ ఏం పూచీ పడలేదు.

పాలసీ_కౌంటర్ | సోమవారం, రాత్రి 11:18

నేను 14 ఏళ్లుగా ఒక జనరల్ ఇన్సూరెన్స్ బ్రాంచిలో మోటార్ సీటు చూస్తున్నాను. కంపెనీ పేరు చెప్పను. నాని గారి లాంటి పరిస్థితితో మా కౌంటర్‌కి వారానికి ఇద్దరు ముగ్గురైనా వస్తారు, అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

ముందు, కంపెనీ ఇన్ని కాగితాలు ఎందుకు అడుగుతుందో తెలిస్తే సగం గొడవ తగ్గుతుంది. నో క్లెయిమ్ బోనస్ కారుది కాదు, మనిషిది. ఒక ఏడాది క్లెయిమ్ లేకపోతే 20, తర్వాత 25, 35, 45, ఐదేళ్లకి 50 శాతం. అక్కడితో ఆగుతుంది. తగ్గేది ఓన్ డ్యామేజ్ ప్రీమియం ఒక్కటే, థర్డ్ పార్టీలో (ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కట్టేది) పైసా తగ్గదు. ఒకే బోనస్‌ని ఒకే సమయంలో రెండు కార్ల మీద వాడకూడదు. నాని గారి పాత కారు ఇంకా ఆయన పేరు మీదే ఉంది, దాని పాలసీలో 50 శాతం తగ్గింపు ఇంకా నడుస్తోంది. అదే 50 కొత్తదానికి కూడా ఇస్తే రెండు చోట్ల ఇచ్చినట్టు. అందుకే కారు అమ్మేశారన్న రుజువు అడుగుతారు.

ఆ రుజువు మారిన ఆర్‌సీ ఒక్కటే కానక్కర్లేదు. ఎక్స్చేంజ్‌కి ఇచ్చినవాళ్ల దగ్గర మా బ్రాంచిలో తీసుకునేవి ఇవి: ఇచ్చినవాళ్లు, తీసుకున్నవాళ్లు ఇద్దరి సంతకాలూ ఉన్న ఫారం 29, ఫారం 30 కాపీలు, షోరూం లెటర్‌హెడ్ మీద కారు తీసుకున్నట్టు తేదీతో ఉత్తరం, డెలివరీ నోట్. అవి చూసి లెటర్ ఇచ్చేస్తాం. కొన్ని కంపెనీలు మారిన ఆర్‌సీ కావాలనే పట్టుబడతాయి. అప్పుడు ఇంకో దారి అడగండి, దాన్ని ఎన్‌సీబీ రికవరీ ఎండార్స్‌మెంట్ (పాలసీలో రాతపూర్వకంగా చేసే మార్పు) అంటారు. పాత పాలసీలో మీకిచ్చిన తగ్గింపులో మిగిలిన నెలలకి ఎంతవుతుందో అంత మీరు తిరిగి కట్టేస్తారు. పాత పాలసీ అలాగే నడుస్తుంది, బోనస్ మాత్రం దాని నుంచి విడిపోతుంది. కొత్త కారుకి వాడుకోవచ్చు.

నాని గారూ, పాత పాలసీ కాగితంలో మూడు సంగతులు చూసి చెప్పండి: ఓన్ డ్యామేజ్ ప్రీమియం, అందులో బోనస్ కింద తగ్గించిన మొత్తం, పాలసీ ముగిసే తేదీ.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఆర్‌సీ మారేదాకా పాత కారు థర్డ్ పార్టీ కవర్‌ని ఎట్టి పరిస్థితిలోనూ రద్దు చేయించకండి.

నల్లకుంట_నాని | సోమవారం, రాత్రి 11:40

మేడమ్, ఇంత రాత్రప్పుడు ఇంత ఓపికగా రాశారు, చాలా థాంక్స్. పాలసీ చూశాను. ఓన్ డ్యామేజ్ 6,000, బోనస్ కింద తగ్గించింది 3,000. ఇంకా 5 నెలలుంది.

డెలివరీ నోట్ ఉంది కానీ అందులో తేదీ మాత్రమే వేశారు, టైం లేదు. ఆ రోజు నేను బండిలోంచి మా అమ్మ పెట్టిన వెంకటేశ్వరస్వామి బొమ్మ తీసుకుని, మా పాప అద్దం మీద అంటించిన సీతాకోకచిలుక స్టిక్కర్ గోటితో గీకుతూ కూర్చున్నాను. కాగితం సరిగా చదవకుండానే సంతకం పెట్టేశాను.

పాలసీ_కౌంటర్ | మంగళవారం, ఉదయం 7:05

అయితే లెక్క ఇది. 3,000లో 12 నెలలకి 5 నెలలు, అంటే 1,250. జీఎస్టీ 225. మొత్తం 1,475 కడితే చాలు. అటువైపు 14,160 మిగులుతుంది. మీ కంపెనీకి మెయిల్‌లో సరిగ్గా ఈ మాటే రాయండి: "నా పాత పాలసీలో మిగిలిన కాలానికి ఎన్‌సీబీ మొత్తం రికవరీ చేసుకుని, కొత్త వాహనం కోసం ఎన్‌సీబీ సర్టిఫికెట్ ఇవ్వగలరు." ఫోన్‌లో కాదు, రాతపూర్వకంగా.

షోరూంకి వెళ్లి డెలివరీ నోట్ మీద టైం, కిలోమీటర్ రీడింగ్ వేయించి, స్టాంపు కొట్టించి మళ్లీ సంతకం తీసుకోండి.

కోర్టుహాలు | మంగళవారం, ఉదయం 9:20

వృత్తిరీత్యా మోటార్ ప్రమాదాల కేసులు చూస్తుంటాను. ఆర్‌సీ మారేదాకా థర్డ్ పార్టీ కవర్ రద్దు చేయించొద్దని మేడమ్ గారు చెప్పిన మాటకి చట్టం వైపు నుంచి ఇంకొంత.

కారు అమ్మాక 14 రోజుల్లోగా ఆర్‌టీఏకి తెలియజేయాల్సిన బాధ్యత అమ్మినవాళ్లది. మోటారు వాహనాల చట్టం 1988లో 50వ సెక్షన్. కొన్నవాళ్లు 30 రోజుల్లో తెలియజేసి తమ పేరుకి మార్పించుకోవాలి. చాలామంది ఫారాల మీద సంతకాలు పెట్టిచ్చి తమ పని అయిపోయిందనుకుంటారు. 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ఆర్‌సీలో ఎవరి పేరు ఉంటే చట్టం దృష్టిలో వాళ్లే యజమాని. ఆ కేసులో కారు ఒకరి నుంచి ఒకరికి నాలుగు చేతులు మారింది. ప్రమాదం జరిగేసరికి మొదటి అమ్మకందారు పేరే ఆర్‌సీలో ఉంది, పరిహారం బాధ్యత ఆయన మీదే పడింది. ఆ బండికి చెల్లే ఇన్సూరెన్స్ లేకపోతే ఏమవుతుందో ఊహించుకోండి.

నాని గారికి ఉపయోగపడేది ఇంకొకటి ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, పాత బండ్లు కొనే డీలర్‌కి రవాణా శాఖ ఆథరైజేషన్ ఉంటే, బండి అప్పగించిన విషయాన్ని ఫారం 29సీలో ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. ఆ తర్వాత బండి విషయంలో డీలర్‌నే యజమానిగా పరిగణిస్తారు. మీ షోరూంకి ఆ ఆథరైజేషన్ ఉందా అని అడగండి. ఉంటే 29సీ కాపీ తీసుకోండి. అమ్మకానికి అంతకంటే మంచి రుజువు ఇంకోటి అక్కర్లేదు.

కడప_టు_బెంగళూరు | మంగళవారం, మధ్యాహ్నం 1:12

నాది కొన్నవాడి వైపు కథ. నాలాంటి వాళ్లు కూడా ఈ చర్చ చదువుతారు కాబట్టి రాస్తున్నాను.

పాత కారు కొన్నాను. ఆర్‌సీ నా పేరుకి మారిపోయింది. పాలసీకి ఇంకా 8 నెలలుంది కదా అని ఊరుకున్నాను. హోసూరు రోడ్డులో డివైడర్‌కి తగిలి ముందు భాగం మొత్తం పోయింది. క్లెయిమ్ పెడితే, పాలసీ పాత యజమాని పేరు మీద ఉంది, ఆయనకి ఇప్పుడు ఈ కారుతో సంబంధం లేదు, మీకు మాతో ఒప్పందం లేదు అన్నారు. 1,10,000 సొంతంగా పెట్టుకున్నాను. నేను కంపెనీని తిట్టుకున్న మాట నిజమే, కానీ కొన్నాక 14 రోజుల్లో పాలసీని నా పేరుకి మార్పించుకోవాలన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

కోర్టుహాలు | మంగళవారం, మధ్యాహ్నం 2:03

అన్నా, చాలామంది పొరపడేది ఇక్కడే. 157వ సెక్షన్ ప్రకారం బండి చేతులు మారగానే పాలసీ కూడా మారినట్టే భావిస్తారు, కానీ అది థర్డ్ పార్టీ వరకే. ఓన్ డ్యామేజ్‌కి అది వర్తించదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. కొన్నవాళ్లు 14 రోజుల్లో కొత్త ప్రపోజల్ ఫారం, ఆర్‌సీ వివరాలతో కంపెనీకి దరఖాస్తు పెట్టి పాలసీ తమ పేరుకి మార్పించుకోవాలి. పాత యజమాని బోనస్ వీళ్లకి రాదు, ఆ తేడా కట్టాలి.

వాల్తేరు_అనూరాధ | మంగళవారం, రాత్రి 8:47

చర్చ మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా నాన్నగారు రెండు నెలల క్రితం పోయారు. ఆయన కారు ఇంట్లోనే ఉంది, తమ్ముడు అప్పుడప్పుడు అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్తున్నాడు. పాలసీ నాన్న పేరు మీదే ఉంది. దాన్ని అమ్మేసి అమ్మకి ఆటోమేటిక్ కారు కొందామనుకుంటున్నాం. నాన్నకి 50 శాతం బోనస్ ఉంది. అది పోయినట్టేనా? ఆయన కారు ఎంత పద్ధతిగా చూసుకునేవారో మాకే తెలుసు, అందుకే అడుగుతున్నాను.

పాలసీ_కౌంటర్ | మంగళవారం, రాత్రి 9:30

అనూరాధ గారూ, ముందు మీకు నా సానుభూతి.

అత్యవసరంగా చూడాల్సింది ఇది. పాలసీదారు చనిపోతే పాలసీ వెంటనే ఆగిపోదు. చనిపోయిన రోజు నుంచి 3 నెలలు, లేదా పాలసీ ముగిసే తేదీ, రెండింటిలో ఏది ముందొస్తే అంతవరకు నడుస్తుంది. మీకు రెండు నెలలు అయిపోయాయి. ఈ నెలలోపు మరణ ధృవీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం, పాత పాలసీ పట్టుకుని కంపెనీకి వెళ్లి అమ్మగారి పేరుకి మార్పించండి. ఆర్‌టీఏలో దీనికి ఫారం 31. మిగతా వారసులు అభ్యంతరం లేదని సంతకాలు పెట్టాలి.

బోనస్ మామూలుగా ఇంకొకరికి ఇవ్వరు. కానీ పాలసీదారు చనిపోయి కారు భార్యకో భర్తకో, పిల్లలకో, తల్లిదండ్రులకో వస్తే బోనస్ కూడా వాళ్లకి వస్తుంది. కాబట్టి ముందు అమ్మగారి పేరుకి మార్చండి, తర్వాత అమ్మండి. నాన్నగారి పేరు మీద ఉండగానే బ్రోకర్‌కి ఇచ్చేస్తే ఆ 50 శాతం మళ్లీ దొరకదు.

వాల్తేరు_అనూరాధ | మంగళవారం, రాత్రి 9:41

థాంక్యూ మేడమ్. రేపే తమ్ముణ్ణి పంపిస్తాను. ఇంట్లో ఎవరికీ ఈ 3 నెలల సంగతి తెలియదు.

ఓరుగల్లు_బిడ్డ | బుధవారం, ఉదయం 8:15

నాని అన్నా, పాత కారు మీద లోన్ ఉండెనా? ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 (ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించేది) కూడా చూసుకో. నేను లోన్ ఎప్పుడో కట్టేసినా ఆర్‌సీలో, పాలసీలో బ్యాంకు పేరు అట్లనే ఉండిపోయింది. అమ్మేటప్పుడు ఆర్‌సీ బదిలీ అక్కడే ఆగింది. బ్యాంకు ఎన్‌ఓసీ మూడు నెలలే చెల్లుతదట, నాది పాతదైపోయి మళ్లీ తెచ్చుకోవాల్సి వచ్చింది. పాలసీలో బ్యాంకు పేరు తీయకపోతే టోటల్ లాస్ అయినప్పుడు చెక్ బ్యాంకు పేరు మీద వస్తది.

ఫాస్టాగ్ కూడా తీసేయించు. నేను కారు అమ్మిన నెల తర్వాత సంక్రాంతికి ఇంట్లో అరిసెలు తింటుంటే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, పంతంగి టోల్‌ప్లాజాలో డబ్బులు కట్ అయినయ్ అని. డబ్బు కన్నా నాకు భయమేసింది, ఆ బండి నా పేరు మీద రోడ్డు మీద తిరుగుతున్నదని అప్పుడు తెలిసింది.

నల్లకుంట_నాని | బుధవారం, సాయంత్రం 6:50

ఈ రోజు జరిగింది చెప్తాను. లంచ్ టైంలో షోరూంకి వెళ్లాను. 29సీ అనగానే సేల్స్ అబ్బాయికి అర్థం కాలేదు, మేనేజర్‌కి తెలుసు. ఆథరైజేషన్ ఉందిట. అరగంటలో తీసిచ్చారు. మొదటి రోజే ఎందుకు ఇవ్వలేదంటే ఎవరూ అడగరండి అన్నారు. డెలివరీ నోట్ మీద "సాయంత్రం 5:20, 61,384 కి.మీ." అని రాసి స్టాంపు వేశారు. లోన్ 2021లోనే తీరిపోయింది, ఆర్‌సీలో బ్యాంకు పేరు కూడా అప్పుడే తీయించాను. ఫాస్టాగ్ ఇప్పుడే క్లోజ్ చేశాను.

కంపెనీకి ఉదయమే మేడమ్ చెప్పిన వాక్యంతో మెయిల్ పెట్టాను. సాయంత్రం జవాబు వచ్చింది, మళ్లీ అదే జాబితా. నా మెయిల్ ఎవరూ చదివినట్టు లేదు.

పాలసీ_కౌంటర్ | బుధవారం, రాత్రి 7:25

అది సిస్టం పంపే జవాబు, నిరాశ పడకండి. కాల్ సెంటర్‌ని వదిలేసి రేపు ఉదయం 10 గంటలకల్లా పాలసీ మీద అడ్రసు ఉన్న బ్రాంచికి స్వయంగా వెళ్లండి. 29సీ, డెలివరీ నోట్, ఫారం 29, 30 కాపీలు, కొత్త కారు ప్రొఫార్మా ఇన్వాయిస్, ఆధార్, పాన్ రెండేసి సెట్లు పట్టుకెళ్లండి. ఒక సెట్ మీద అందినట్టు సంతకం, తేదీ, స్టాంపు వేయించుకోండి. కౌంటర్‌లో కుదరదంటే "ఏ నిబంధన ప్రకారం కుదరదో రాసివ్వండి" అని మర్యాదగా అడగండి. నా అనుభవంలో ఆ మాట వినగానే ఫైల్ లోపలికి, మేనేజర్ దగ్గరికి వెళ్తుంది.

కోర్టుహాలు | బుధవారం, రాత్రి 8:02

అప్పటికీ కాకపోతే కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్, రెండు వారాల్లో సరైన జవాబు రాకపోతే ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) వారి బీమా భరోసా పోర్టల్, ఫోన్ 155255. నెల గడిచినా తేలకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి). రెండు తెలుగు రాష్ట్రాలకీ ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే, లకడీకాపూల్ దగ్గర. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఒకవేళ శుక్రవారానికి లెటర్ రాకపోయినా ఎన్‌సీబీ సర్టిఫికెట్‌కి 3 ఏళ్ల గడువుంటుంది. ఈ ఏడాది కాకపోయినా కొత్త కారు రెన్యువల్‌కి వాడుకోవచ్చు. మొత్తం పోయిందని మాత్రం అనుకోకండి.

హైవే_రాజు | బుధవారం, రాత్రి 8:40

శీను గారి పోస్ట్ చదివాక నా పాలసీ తీసి చూశాను. నాకు నిజంగా రావాల్సింది 25 శాతం, నేను పెట్టుకున్నది 35. మేడమ్, ఇప్పుడు సరిచేసుకోవచ్చా?

పాలసీ_కౌంటర్ | బుధవారం, రాత్రి 8:55

చేసుకోవచ్చు రాజు గారూ, రేపే చేయండి. తేడా కట్టి ఎండార్స్‌మెంట్ తీసుకుంటే సరిపోతుంది. ప్రమాదం జరిగాక అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు.

నల్లకుంట_నాని | శుక్రవారం, మధ్యాహ్నం 2:20

లెటర్ వచ్చింది! నిన్న 10 గంటలకి బ్రాంచికి వెళ్లాను. కౌంటర్‌లో మొదట కుదరదన్నారు. రాసివ్వమని అడిగాను. పది నిమిషాలకి మేనేజర్ పిలిచారు. ఆవిడ 29సీ చూసి, ఆర్‌సీ ఇంకా నా పేరు మీదే ఉంది కాబట్టి పాలసీ రద్దు చేయనని, రికవరీ ఎండార్స్‌మెంట్ చేస్తానని అన్నారు. సరిగ్గా 1,475 కట్టాను. సాయంత్రం 4:50కి మెయిల్‌లో సర్టిఫికెట్, 50 శాతం అని స్పష్టంగా ఉంది. షోరూంకి పంపితే ప్రీమియం మార్చి కొత్త పాలసీ ఇచ్చారు. అందులో థర్డ్ పార్టీ 3 ఏళ్లకి, ఓన్ డ్యామేజ్ ఏడాదికి. ఈసారి ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు, బోనస్ శాతం అన్నీ ఇన్వాయిస్ పక్కన పెట్టుకుని ఒక్కో అంకె సరిచూశాకే సంతకం పెట్టాను. ఛాసిస్ నంబరులో ఒక అంకె తప్పు పడింది, అక్కడికక్కడే మార్పించాను.

10:15కి బండి తీసుకుని నేరుగా గుడికి వెళ్లాం. స్వామి బొమ్మ మళ్లీ డ్యాష్‌బోర్డు మీదికి వచ్చింది. అందరికీ, ముఖ్యంగా మేడమ్‌కి, రుణపడి ఉంటాను.

పాలసీ_కౌంటర్ | శుక్రవారం, సాయంత్రం 5:10

చాలా సంతోషం నాని గారూ, కొత్త బండి కలిసి రావాలి. పాత కారు ఆర్‌సీ మారగానే ఆ కాపీ తెప్పించుకుని పాత పాలసీ రద్దుకి పెట్టండి. క్లెయిమ్ లేదు కాబట్టి మిగిలిన రోజులకి ప్రీమియం లెక్కగట్టి వెనక్కి ఇస్తారు. కొన్నవాళ్లు అదే పాలసీ తమ పేరుకి మార్చుకుంటామంటే మాత్రం రద్దు చేయకండి.

నల్లకుంట_నాని | ఏడు వారాల తర్వాత, గురువారం, ఉదయం 11:30

ఆర్‌సీ మారింది. మహబూబ్‌నగర్ ఆయన ఎవరో కొన్నారు. షోరూం నుంచి కాపీ వచ్చింది, అదే రోజు పాత పాలసీ రద్దుకి పెట్టాను. ఆయన కొత్త పాలసీ వేరే తీసుకున్నారట. నిన్న నా ఖాతాలో రీఫండ్ పడింది.

వాల్తేరు_అనూరాధ | గురువారం, మధ్యాహ్నం 12:04

మాదీ అయింది. ఆర్‌సీ, పాలసీ రెండూ అమ్మ పేరుకి వచ్చాయి, బోనస్ 50 శాతం అలాగే ఉంది. కానీ కారు అమ్మట్లేదు. అమ్మ దాన్నే ఉంచుకుంటానంది.